అయ్యగారి కళ్ళజోడుకి పాలిష్

పెళ్ళికి ముందురోజు పెళ్ళికూతురు ఓ మూల కుదురుగా కూర్చుని, చేతుల గోరింటాకు చూసుకుంటూ, అడిగినవాళ్ళకి సిగ్గుపడుతూ జవాబులు చెప్పాలి. ఖరగ్‌పూర్ రైల్వే సెటిల్‌మెంట్‌లో తెలుగు ఆడవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. స్వర్ణకుమారికీ తెలుసు. కానీ ఎనభై ఆరు ఫిబ్రవరిలో ఆ సోమవారం నాడు ఆమె చేతులు ఆమె మాట వినే స్థితిలో లేవు.

పెళ్ళికొడుకు తిమోతి. డీజిల్ షెడ్డులో ఫిట్టరు. రెండు వీధుల అవతల క్వార్టరు. సండే స్కూల్లో వెనక బెంచీలో కూర్చుని ఆమె జడ లాగి, పట్టుబడి, బయట ఎండలో నిలబడ్డవాడు. ఎండలో నిలబడి కూడా కిటికీలోంచి చూసి నవ్వినవాడు. ఆ నవ్వే కొంప ముంచింది. పెద్దయ్యాక వాణ్ణే చేసుకుంటానని స్వర్ణ ఇంట్లో చెప్పింది. ఇంట్లోవాళ్ళు ఆలోచిస్తామన్నారు. ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఏళ్ళు గడిపేశారు. తీరా ఇప్పుడు అందరూ సరేనన్నాక, రేపు పొద్దున్నే పెళ్ళి అనేసరికి, ఆ పిల్లకి అంత సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అదంతా చేతుల్లోకి దిగింది.

లేస్తూనే గడపలు కడిగింది. మంచాల కాళ్ళు తుడిచింది. కిటికీ ఊచలు తుడిచింది. తుడిచిన ఊచల్నే మళ్ళీ తుడుస్తుంటే, వంటింట్లో అరిసెలు వత్తుతున్న తల్లి ఆలిస్ చూసింది.

"ఒసే, ఆ ఊసలు అరిగిపోతాయి. ఎల్లి కూకోయే," అంది.

"కూకున్నానమ్మా," అంది స్వర్ణ, నిలబడే.

ఇక్కడ ఆ ఇంటి అలవాటొకటి చెప్పాలి. తండ్రి సుందర్ రాజు ప్యాసింజరు బళ్ళకి గార్డు. గార్డన్నవాడు మెరవాలని ఆయన పట్టుదల. కోటు గుండీలు మెరవాలి, విజిలు మెరవాలి, బెల్టు బిళ్ళ మెరవాలి, చేతిలాంతరు కట్టు మెరవాలి. బండి ఆలస్యమైతే అది కంట్రోలువాళ్ళ తప్పు, గుండీ మాసితే మాత్రం అచ్చంగా తన తప్పు అనేవాడు. అందుకని ప్రతి శనివారం సాయంత్రం వరండాలో పాత పేపరు పరిచి, ఇత్తడి పాలిష్ సీసా, వర్క్‌షాపులోంచి తెచ్చిన నూలుపీచు, అదే కాటన్ వేస్టు, ముందు పెట్టుకుని, ఇంటిల్లిపాదీ కూర్చుని తోమేవారు. ఆ వరసలో చివర తీతు తాత కళ్ళజోడు కూడా ఉండేది. తాత బతికున్నన్నాళ్ళూ దాన్ని తోమే వంతు స్వర్ణది. అద్దం మీద ఒక చుక్క వేసి, గుండ్రంగా రుద్ది, ఫ్లానెల్ గుడ్డతో తుడిస్తే తళతళలాడేది. తాత పెట్టుకుని వీధిలోకి చూసి, "సొర్నా, ఎదురింటి గోడ మీద సీమ ఆడదో మగదో కూడా తెలిసిపోతందే," అనేవాడు. అది పాతకాలపు గాజు. ఎంత రుద్దినా దానికేమీ కాలేదు. కాబట్టి కళ్ళజోడు తోమడానికి వేరే పద్ధతి ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. మెరవాల్సినదాన్నంతా ఒకే సీసాతో తోమే ఇల్లది.

ఆ సోమవారం పొద్దుటి బండికి జ్ఞానరత్నం అయ్యగారు టెక్కలి నుంచి దిగారు. సెటిల్‌మెంట్ తెలుగు చర్చిలో క్రిస్మస్ తర్వాత పాస్టరు లేరు. పాతాయన బదిలీ మీద వెళ్ళిపోయారు, కొత్తాయన ఈస్టరు దాటితేగాని రారు. అందుకని తాత స్నేహితుడైన ఈ పెద్దాయన్ని పెళ్ళి కోసం రప్పించారు. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషనైన మనిషి. అప్పట్లో ఆపరేషనయ్యాక సీసా అడుగంత మందం కళ్ళజోడు తగిలించి ఇంటికి పంపేవారు. అది ఉంటే అన్నీ కనిపిస్తాయి. తీస్తే ఎదుటి మనిషి మొహంలో కళ్ళేవో ముక్కేదో తెలియదు. టెక్కలి సంఘంవాళ్ళు మొన్న క్రిస్మస్‌కి అయ్యగారికి కలకత్తాలో కొత్త కళ్ళజోడు చేయించి పెట్టారు. గాజైతే ముక్కు మీద బరువని ప్లాస్టిక్ అద్దాలు వేయించారు. ఈ ఆఖరి సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం పడుతుందని పాపం ఆయనకేం తెలుసు.

మధ్యాహ్నం చేపల పులుసుతో తృప్తిగా భోంచేసి, కళ్ళజోడు కిటికీ గట్టు మీద పెట్టి, అయ్యగారు ముందుగదిలో నడుం వాల్చారు. స్వర్ణ అప్పుడే నాన్న కోటు గుండీలు తోమడం ముగించింది. కూతురి పెళ్ళికి కూడా ఆయన గార్డు కోటే వేసుకుంటానన్నాడు మరి. చేతిలో కాటన్ వేస్టు ఇంకా ఉంది. సీసాలో పాలిష్ ఇంకా ఉంది. తోమడానికే ఏమీ మిగల్లేదు. అప్పుడు కిటికీ గట్టు కంటపడింది.

కళ్ళజోడు నిండా ప్రయాణం దుమ్ము. ఒక అద్దం మీద బొటనవేలి ముద్ర. రెండోదాని మీద పులుసు చుక్కో ఏమో. రేపు వీటిలోంచే కదా అయ్యగారు మా పెళ్ళి చదవాలి అనుకుంది స్వర్ణ. వీటిలోంచే కదా నన్నూ తిమోతినీ పక్కపక్కన చూడాలి అనుకుంది. అంతే, అయ్యగారి మీద, కళ్ళజోడు మీద, లోకం మీద ఆ పిల్లకి ఒక్కసారి ప్రేమ పొంగుకొచ్చింది. అద్దం మీద పాలిష్ చుక్క వేసింది. ఏదో పాట కూనిరాగం తీస్తూ గుండ్రంగా రుద్దింది. మెరుపు రాలేదు. మురికి బాగా పట్టేసినట్టుందని ఇంకో చుక్క వేసి ఇంకా గట్టిగా రుద్దింది. అప్పటికీ రాలేదు. ఫ్లానెల్ గుడ్డతో తుడిచి, వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. రెండద్దాలూ గంజినీళ్ళలా తెల్లగా ఉన్నాయి.

పాలిష్ ఆరితే అదే పోతుందిలే అనుకుని ఎక్కడ తీసిందో అక్కడే పెట్టేసింది. మనసులో ఏదో పీకింది గానీ, ఆ రోజు ఆమె మనసులో దేనికీ ఎక్కువసేపు చోటు లేదు.

అయ్యగారు నాలుగింటికి లేచారు. తడుముకుని కళ్ళజోడు పెట్టుకున్నారు. గుమ్మంలోంచి బయటికి చూశారు. ఎండ ఫెళఫెళలాడుతోంది.

"అమ్మా ఆలిస్," అన్నారు నెమ్మదిగా, "మీ ఊళ్ళో సాయంత్రం కూడా ఇంత మంచు పడుతుందా?"

ఆ తర్వాత ఆ ఇంట్లో పుట్టిన గోల అంతా ఇంతా కాదు. కళ్ళజోడుని సబ్బుతో కడిగారు. కుంకుడు రసంతో కడిగారు. ఎవరో చెప్పారని నిమ్మకాయ కూడా పిండారు. అన్నీ అయ్యాక సుందర్ రాజు దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, బాగా అనుభవమున్నవాడిలా, "ఇంకొక్క సుక్క పాలిష్ ఏస్తే," అనబోయాడు. ఆలిస్ ఆయన చేతిలోంచి సీసా లాక్కుని బియ్యం డబ్బాలో దాచేసింది. అద్దాల నిండా సన్నసన్నని గీతలు. కడిగితే పోయే సరుకు కాదది.

"నానే తోమినాను," అంది స్వర్ణ, గోడకి ఆనుకుని. "తాత కళ్ళజోడు తోమినట్టే తోమినాను."

అయ్యగారు కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేది. "మంచి మనసుతో చేశావమ్మా," అన్నారు, ఆమె అనుకుని మంచం పక్కనున్న బట్టల స్టాండు వైపు చూస్తూ. స్వర్ణకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు రానివ్వాలో తెలియక రెండూ మింగింది.

ఇదేం చిన్న చిక్కు కాదు. ఎల్లుండి బుధవారం నుంచి లెంటు, అంటే ఈస్టరు ముందటి నలభై రోజుల ఉపవాసకాలం మొదలు. లెంటులో ఆ చర్చిలో పెళ్ళిళ్ళు చెయ్యరు. రేపు కాలేదంటే ఈస్టరు దాటాకే. పైగా తిమోతికి చక్రధర్‌పూర్ షెడ్డుకి ట్రాన్స్‌ఫరైంది, ఈ వారంలోనే వెళ్ళి చేరాలి. తను కూడా వెళ్ళాలని స్వర్ణ పెట్టె సర్దుకుని కూర్చుంది. ఇన్నేళ్ళు ఆగింది నిజమే. కానీ పెట్టె సర్దుకున్నాక ఒక్క రోజు ఆగమన్నా ఆమె ఆగలేదు. ఆ మాట ఎవరితో అన్నా సిగ్గులేదంటారని మనసులోనే అనుకుంది.

"అయ్యగారికి ఇవన్నీ నోటికొచ్చినవే కదేటి," అన్నాడు సుందర్ రాజు ఆశగా. "సూడకుండా సెప్పెయ్యొచ్చు కదండీ."

అయ్యగారు గట్టిగా తల అడ్డంగా ఊపారు. "ఒకసారి చెప్పాను రాజూ. పాతికేళ్ళ కిందట, మందస దగ్గర ఒక ఊళ్ళో. పెళ్ళి ఆరాధన మొదలుపెట్టి, మధ్యలో నాకు తెలియకుండానే సమాధి ఆరాధనలోకి వెళ్ళిపోయాను. మన్ను, ధూళి అనేదాకా వచ్చింది. పెళ్ళికొడుకు తల్లి కళ్ళు తిరిగి పడిపోయింది. వాళ్ళు సుఖంగానే ఉన్నారు, పిల్లలూ మనవలూ ఉన్నారు. కానీ ఆ వేళే ఒట్టు పెట్టుకున్నాను. పుస్తకం చూడకుండా నేను ఎవరికీ పెళ్ళి చెయ్యను."

"పోనీ నేను పక్కన నిలబడి సదువుతాను, మీరు అదే మాట అనండి," అన్నాడు సుందర్ రాజు. అని, పుస్తకం తెరిచి, ప్లాట్‌ఫారం ఆ చివరికి వినపడాల్సిన గొంతుతో మొదటి వాక్యం చదివాడు. పక్క క్వార్టర్లో పసిపిల్ల ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

"ఒద్దు రాజూ," అన్నారు అయ్యగారు. "ఇంకొకరు అందిస్తే అప్పజెప్పేది నాటకమవుతుంది గానీ పెళ్ళి అవదు."

కబురు విని తిమోతి షెడ్డు బట్టల్లోనే సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. పెరట్లో కుళాయి దగ్గర స్వర్ణ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఇత్తడి పాలిష్ అనగానే అతని మొహం ఒక రకంగా అయిపోయింది. పెదవులు బిగించాడు. ముక్కు పట్టుకున్నాడు. లాభం లేక కుళాయి గట్టు మీద కూలబడి నవ్వాడు.

"నవ్వకు బావా. రేపు పెళ్ళి అవ్వదు తెల్సా," అంది స్వర్ణ కోపంగా. ఆ కోపంలోనే ఆమెకీ నవ్వొచ్చింది. ఇద్దరూ కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వుతుంటే ఆలిస్ తలుపులోంచి తొంగిచూసి, ఈ పిల్లలకి బుద్ధి ఎప్పుడొస్తుందోనని అరిసెల దగ్గరికి పోయింది.

తిమోతి ఆ కళ్ళజోడు పట్టుకుని ఖరిదా బజారులో కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళి చీకటి పడకుండా తిరిగొచ్చాడు.

"దుకాణం దాదా దేన్తో రుద్దినారని అడిగినాడు," అన్నాడు. "సెప్పినాను. లోపల్నించి వాళ్ళన్నని పిల్సి మళ్ళీ సెప్పమన్నాడు. మళ్ళీ సెప్పినాను. ఇద్దరూ స్టూళ్ళ మీద కూకుండిపోయినారు."

"బాగవుద్దన్నారా?" అంది స్వర్ణ.

"హోబే నా అన్నారు. అవ్వదట. అంత మందం అద్దాలు కలకత్తా నించి రావాల, వారం పడతాదట."

కానీ తిమోతి వట్టి చేతుల్తో రాలేదు. సైకిలు క్యారియరు మీంచి బిస్కెట్ల డబ్బా ఒకటి దించాడు. మూత తీస్తే నిండా కళ్ళజోళ్ళు. ఖరిదాలో కిరాణా కొట్టు మల్లికార్జునరావు గారు బేరం మధ్యలో తన కళ్ళజోడు తీసి ఇచ్చేశారట. ఇందా పేటలో రిటైరైన బెంగాలీ మాస్టరొకాయన, పెళ్ళి ఆగకూడదు నాయనా అంటూ రెండు ఇచ్చాడట. మిగతావన్నీ సెటిల్‌మెంట్ తెలుగువాళ్ళవి. ఆ సాయంత్రం ఆ వీధుల్లో పెద్దవాళ్ళంతా కళ్ళజోళ్ళు లేకుండా తిరుగుతూ ఒకరి కోడళ్ళని ఒకరు పేరు తప్పు పెట్టి పలకరించుకున్నారు.

ముందుగదిలో బల్లదీపం కింద అయ్యగారిని కూర్చోబెట్టి ఒక్కొక్కటీ తొడగడం మొదలుపెట్టారు. ఆయన కూడా హుషారుగానే ఉన్నారు. "దీంట్లో రాజు బాగా పొట్టిగా ఉన్నాడు," అన్నారు ఒకటి పెట్టుకుని. ఇంకొకటి పెట్టుకుని, "దీంట్లో ఆలిస్‌లు ఇద్దరున్నారు. ఇద్దరికీ కోపంగానే ఉంది," అన్నారు. గదిలో అందరూ పడీపడీ నవ్వారు. ఎంత నవ్వినా డబ్బా అడుగు కనబడుతోందని స్వర్ణకి తెలుస్తూనే ఉంది. ఆఖరి జోడు కూడా తీసి పక్కన పెట్టి అయ్యగారు కళ్ళు నులుముకున్నారు.

"ఏం లాభం," అంది ఆలిస్. "అలాటి అద్దాలు ఆపరేషనైనోళ్ళకే ఉంటాయి."

తిమోతి వంగి సైకిలు చెయిను సరిచేయబోయాడు. సైకిలు బయటుంది, అతను ముందుగదిలో ఉన్నాడు. సెటిల్‌మెంట్ తెలుగువాళ్ళలో అలాంటి ఆపరేషనైన మనిషి ఇంకొకరున్నారని, ఆ మనిషి ఎవరో, గదిలో ప్రతివాళ్ళకీ తెలుసు.

తిమోతి తల్లి ఎస్తేరమ్మ. భర్త పోయాక ఒక్క కొడుకుని పెట్టుకుని నెగ్గుకొచ్చిన మనిషి. కళ్ళకి శుక్లాలొచ్చి, కొన్నేళ్ళుగా కొడుకుని అడుగుల చప్పుడుబట్టి గుర్తుపట్టేది. ఆపరేషనంటే భయపడి వాయిదా వేస్తూ, తిమోతి పెళ్ళి కుదరగానే తనంతట తానే డాక్టరు దగ్గరికెళ్ళి, నా కొడుకు పెళ్ళి నేను కళ్ళారా చూడాలి, కొయ్యండి అంది. ఆవిడ కళ్ళజోడుని ఎవరూ తాకకూడదు. తిమోతి కూడా. పొద్దున్నా సాయంత్రం స్నానం చేయించినట్టు కడిగి, గుడ్డ పరిచిన డబ్బాలో పడుకోబెడుతుంది. పైగా ఈ పెళ్ళికి అందరికంటే ఆఖర్న ఒప్పుకున్నది ఆవిడే. ఆ గుంట మంచిదే గానీ చేతులు నిలవవు అనేది.

"అమ్మని నేను అడగలేను," అన్నాడు తిమోతి, నేల చూస్తూ. "అవి ఆవిడ కళ్ళు."

"పాడు సేసింది నేను," అంది స్వర్ణ. "నేనే అడుగుతాను."

పెళ్ళికూతురు గడప దాటకూడదని వెనకనుంచి ఎవరో అంటూనే ఉన్నారు. ఆమె అప్పటికే వీధి మలుపు తిరిగింది.

ఎస్తేరమ్మ వరండాలో దీపం కింద చేట పట్టుకుని రేపటి బియ్యం ఏరుతోంది. ఆపరేషనైనప్పటి నుంచి ఆవిడకి బియ్యంలో రాళ్ళు కనబడ్డం పండగ. ఇరుగుపొరుగు బియ్యం కూడా తెప్పించుకుని ఏరిపెడుతుంది. స్వర్ణని చూసి మందపాటి అద్దాల వెనక పెద్ద పెద్ద కళ్ళు ఎత్తింది.

"ఏటే, ఇప్పుడొచ్చినావు? ఏటైంది?"

దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "అత్తా, అయ్యగారి కళ్ళజోడు నేను పాడు సేసినాను. ఇత్తడి పాలిష్ ఏసి తోమినాను. కాటన్ వేస్టుతో. ఇంక ఎవ్వరివీ సరిపోనేదు," అంది ఒక్క ఊపిరిన.

ఎస్తేరమ్మ చేట కింద పెట్టింది. కాసేపటికి ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని స్వర్ణ హడలిపోయి దగ్గరికెళ్ళి చూస్తే, ఆవిడ నవ్వుతోంది. చప్పుడు లేకుండా, ఒళ్ళంతా ఊగిపోతూ నవ్వుతోంది. "ఇత్తడి పాలిషా," అని మళ్ళీ నవ్వింది. "మీ నాన్న గుండీ అనుకున్నావేటే దాన్ని?" అని కొంగుతో నోరు మూసుకుంది. ఆవిడ ఇలా నవ్వగా సెటిల్‌మెంట్‌లో ఎవరూ చూసి ఉండరు. స్వర్ణకి ప్రాణం లేచొచ్చి, పక్కనే చతికిలబడి తనూ నవ్వింది.

నవ్వంతా అయ్యాక ఎస్తేరమ్మ కళ్ళజోడు తీసి స్వర్ణ చేతిలో పెట్టింది. "కడుగు. నేను సెప్తాను," అంది.

"నేనా?" అంది స్వర్ణ.

"మొదలు నీళ్ళు. పొడిగుడ్డ తగలనీకు. దుమ్ము మీద గుడ్డ ఏస్తే ఆ దుమ్మే గీస్తాది. సెంబుతో పోసుకో, ధారలాగ. ఆఁ. ఇప్పుడు సబ్బు నీ ఏళ్ళకి రాసుకో, అద్దానికి కాదు. రెండు ఏళ్ళ మజ్జిన పెట్టి అటొకసారి ఇటొకసారి. పసిగుంట సెవి ఎలగ కడుగుతావు, అలగ. ముక్కుబిళ్ళల కాడ సెమట కూరుకుంటాది, అక్కడ నిమ్మళంగా తియ్యి. మళ్ళీ నీళ్ళు. ఇదిలించు. ఇదిగో ఈ మల్లుగుడ్డతో అద్దు. రుద్దకు. మీ మాఁవ పంచె ఇది, గంజెట్టకుండా ఉతికి దీనికోసమే దాసినాను. సీర కొంగుతో ఎప్పుడూ తుడవకు, జరీ ఉంటాది."

స్వర్ణ ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే చెప్పినట్టు చేసింది. అంత నెమ్మదిగా ఆమె ఏ పనీ చేసి ఎరగదు. కడిగిన అద్దాలు దీపానికి ఎత్తి చూస్తే మధ్యలో ఏమీ లేనట్టే ఉంది. సంతోషంగా తిరిగి ఆవిడకివ్వబోయింది.

ఎస్తేరమ్మ అందుకోలేదు. పక్కనున్న డబ్బా తడిమి తీసి స్వర్ణ ఒళ్ళో పెట్టింది. "తీసుకెల్లు. అయ్యగారికి సరిపోతాయి. ఆయనదీ నాదీ ఒకటే రోగం."

"మరి నువ్వెలగ సూస్తావత్తా?"

"నాకు సెవులున్నాయి కదే. మీరు ఒప్పుకున్నామనడం ఇనిపిస్తాది. తాళి కట్టినప్పుడు అందరూ లేస్తారు, ఆ సప్పుడు ఇనిపిస్తాది. సాలు." తేలిగ్గానే అంది. అంటూ ముక్కు మీద కళ్ళజోడు సర్దుకోబోయింది. వేలికి ఉత్త ముక్కే తగిలింది. చెయ్యి మెల్లిగా దించి, చేట దగ్గరికి లాక్కుంది. "ఈ బియ్యం మీయమ్మని ఏరమను. ఇప్పుడు నాకు అన్నీ బియ్యమే," అంది.

స్వర్ణకి ఆవిడ కాళ్ళమీద పడాలనిపించింది. పడలేదు. ఏడ్చింది మాత్రం, దాచుకోకుండా ఏడ్చింది. ఈవిడంటే నేనెంత భయపడ్డాను, ఎంత పిచ్చిదాన్ని అనుకుంది. డబ్బా రెండు చేతులా పట్టుకుని ఇంటికెళ్ళింది. అయ్యగారు ఆ కళ్ళజోడు పెట్టుకుని, ముక్కు చివరిదాకా జార్చి, గోడ క్యాలెండరు అడుగున ప్రెస్సువాళ్ళ అడ్రసుతో సహా గడగడా చదివేశారు. ఇల్లంతా సంబరం. సుందర్ రాజు ఆ సంబరంలో విజిలు కూడా ఊదాడు. స్వర్ణ మాత్రం అరిసె తినలేదు.

మంగళవారం పొద్దున చర్చి కిటకిటలాడింది. తమ తమ కళ్ళజోళ్ళు తిరిగొచ్చినవాళ్ళంతా ముందు బెంచీల్లో ఠీవిగా కూర్చున్నారు. గార్డు కోటు గుండీలు ఎండకి ధగధగలాడుతుంటే సుందర్ రాజు కూతుర్ని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. స్వర్ణకి కాళ్ళు నేలకి ఆనడం లేదు. తెల్ల పట్టుచీర, తల మీద ముసుగు, ఎదురుగా తిమోతి. వాడు ఎండలో నిలబడ్డప్పటి నవ్వే నవ్వుతున్నాడు. పెళ్ళి అవుతోంది, నిజంగా అవుతోంది అని ఆమెకి అరవాలనిపించింది.

అయ్యగారు కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, పుస్తకం ఎత్తి, ఒక్క అక్షరం పొల్లు పోకుండా చదివారు. తిమోతి ఒప్పుకుంటున్నానన్నాడు. స్వర్ణ ఒప్పుకుంటున్నానంది, అడగడం పూర్తికాకుండానే. వెనక బెంచీల్లో నవ్వులు వినిపించాయి. ఆ నవ్వులకి తల కొంచెం తిప్పితే ముందు బెంచీలో ఎస్తేరమ్మ కనిపించింది.

కొత్త చీర కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మొహమంతా నవ్వుతో ఆవిడ రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఆవిడ చూస్తున్నది కొడుకుని కాదు. హార్మోనియం పక్కనున్న స్తంభాన్ని. అక్కడ తెల్లసున్నం మీద ఎవరో కట్టిన పూలదండని కొడుకూ కోడలూ అనుకుని చూస్తోంది. అనుకుని మురిసిపోతోంది.

అయ్యగారు తాళి మీద ప్రార్థన చేశారు. అందరూ లేచి నిలబడ్డారు. తిమోతి తాళి అందుకుని ముందుకి వంగాడు.

"ఆగు బావా," అంది స్వర్ణ.

తిమోతి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంత చేసి ఇప్పుడు కాదంటుందా ఈ పిల్ల అని ఆలిస్ గుండె పట్టుకుంది.

"అయ్యగారూ, ఇప్పుడు తమరు చదివేది ఏమీ లేదు కదండీ," అంది స్వర్ణ. ఆయన లేదమ్మా అనేలోపే ఆయన ముక్కు మీంచి కళ్ళజోడు రెండు చేతులా తీసేసింది. చదివీ చదివీ అద్దాలకి ఆవిరి పట్టింది. చెయ్యి అలవాటుగా కొంగు మీదికి పోయి, జరీ తగిలి, ఆగింది. ఆవిరి తనంతట తాను తగ్గేదాకా గాలిలో అటూ ఇటూ ఆడిస్తూ మెట్టు దిగింది. ఎస్తేరమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పుల్లలు చెవుల మీదికి సర్ది, కళ్ళజోడు పెట్టింది.

అద్దాల వెనక కళ్ళు పెద్దవయ్యాయి. స్తంభం మీంచి మెల్లిగా జరిగి స్వర్ణ మొహం మీద ఆగాయి. ఆవిడ చేత్తో స్వర్ణ చెంప ముట్టుకుంది. పక్కకి జారిన ముసుగు సరిచేసింది.

"ఎల్లు," అంది. "బేగి ఎల్లు. ఆడు నిలబడ్డాడు పాపం."

స్వర్ణ పరుగులాంటి నడకతో వెళ్ళి తిమోతి ముందు తల వంచింది. తిమోతి తాళి కట్టాడు. ముడి ఓ పట్టాన పడలేదు. పడ్డాక జనం పాట ఎత్తుకున్నారు. సుందర్ రాజు గొంతు అందరి గొంతుల్నీ దాటి పైకప్పుని తాకింది.

పాట అయిపోయింది. అయ్యగారు పుస్తకం తెరిచి, వేలితో పేజీ తడుముకుని, ముందు బెంచీ ఉండాల్సిన వైపు తిరిగారు.

"ఎస్తేరమ్మ గారూ, ఇంక ఆశీర్వాదం ఒక్కటే మిగిలిందమ్మా. అది చదవాలి. ఆ కళ్ళజోడు కాస్త..."

"ఉండండి అయ్యగారూ," అంది ఎస్తేరమ్మ. "నానింకా సూస్తన్నాను."

అయ్యగారు పుస్తకంలో వేలు పెట్టి మూశారు. స్వర్ణ తిమోతి మోచెయ్యి పట్టుకుని, ఇద్దరి మొహాలూ ఆవిడకి బాగా కనిపించేలా ముందు బెంచీ వైపుకి తిప్పింది. చర్చిలో ఎవరూ కూర్చోలేదు. ఆవిడ చూడడం అయ్యేదాకా అందరూ అలాగే నిలబడ్డారు.